ఆవిడ గొంతు ఒక్కటే

నవంబరు 3, ఆదివారం

మనిషన్నాక ఓపిక ఉండాలి. నాకుంది. లేకపోతే ఇన్నేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్ కారులో పక్క సీట్లో కూర్చుని, క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియనివాళ్ళచేత బండి నడిపిస్తూ ఇంకా ప్రాణాలతో ఉండేవాణ్ణా? ఎవరికైనా సరే నెమ్మదిగా, విడమరిచి, ఒకటికి పదిసార్లు చెప్పడం నా పద్ధతి. అలాంటి నన్ను పట్టుకుని ఇవాళ మా ఆవిడ ఏమందో ఇక్కడ రాసిపెడుతున్నాను. రాయకపోతే రేపటికి మరిచిపోయి క్షమించేస్తానని భయం.

"మీతో మాట్లాడటం గోడతో మాట్లాడినట్టు కూడా కాదండీ. గోడ మధ్యలో అడ్డురాదు."

ఇదీ ఆవిడ అన్న మాట. వారానికోసారి, ఆదివారం సాయంత్రం, కంప్యూటర్లో వీడియో కాల్ చేసుకునేది ఈ మాట అనిపించుకోవడానికా? ఏడాది పాటని చెప్పి ఆ దూరపు ఊరి నీళ్ళ పరీక్షల ల్యాబుకి పంపారు. ఏడాది ముగిసే సమయానికి, ఇక్కడే ఉండిపోండి, సెక్షన్‌కి పెద్దని చేస్తాం అంటున్నారట. ఈ నెల 29, శుక్రవారం లోపు జవాబు చెప్పాలట. జవాబేముంది, రానని రాసి ఇంటికి వచ్చెయ్యడమేగా! అదే అన్నాను. "దాని గురించి మనం మాట్లాడుకోవాలి" అంది. మాట్లాడుకుందాం అని నేను మొదలుపెట్టాను. పూర్తి చేసేలోపే గోడ మాట అనేసింది.

నేను అడ్డొస్తానట. నేను!

నవంబరు 4, సోమవారం

పొద్దున్నే బావమరిది ఫోన్. అక్క తమ్ముడికి చెప్పేసిందన్నమాట. "బావా, అక్కని కాస్త మాట్లాడనివ్వు" అని వాడు నాకు నీతులు చెబుతున్నాడు. వీడికి సైకిలు కూడా నేనే నేర్పాను.

ఒళ్ళు మండింది. "ఒరేయ్, వచ్చే ఆదివారం కాల్ మొత్తం రికార్డు చేసి నీకు పంపిస్తా. ఎవరు ఎవరిని మాట్లాడనివ్వడం లేదో నువ్వే విని తీర్పు చెప్పు" అన్నాను. ఆవిడకీ కబురు పెట్టాను, చాటుగా చేశానని రేపు అనకుండా. "చేసుకోండి. నాకూ ఒకటి పంపండి" అని జవాబొచ్చింది. ఆ ధైర్యం చూడు!

నవంబరు 5, మంగళవారం

ఇవాళ ముగ్గురికి రివర్స్ నేర్పాను. ఒక్కరూ నేను అడ్డొస్తున్నానని అనలేదు.

నవంబరు 10, ఆదివారం

కంప్యూటర్ ముందు పంచదార డబ్బాకి ఫోను ఆనించి రికార్డింగ్ పెట్టాను. కాల్ అయ్యాక విన్నాను. నా తల ప్రాణం తోకకొచ్చింది.

వినిపించినవి ఇవి. కింది వాటా దర్జీ కుట్టుమిషను, మొదటి నుంచి చివరిదాకా. ఫ్రిజ్ గుర్రుపెట్టడం. గోడగడియారం. వీధిలో ఎవడో రివర్స్ చేస్తూ హారన్ కొట్టడం (ఖచ్చితంగా నా దగ్గర నేర్చుకున్నవాడు కాదు). నా గొంతు, చెప్పక్కర్లేదు, చక్కగా, నిండుగా. వీటన్నిటి అడుగున, బావిలో పడ్డ దోమలాగా, మా ఆవిడ.

అయినా పంపాను. తీర్పు వెంటనే వచ్చేసింది. "బావా, నువ్వూ కుట్టుమిషనూ బాగా మాట్లాడుకున్నారు. అక్క ఎక్కడ?"

తప్పు గదిది. గదిలో గోల ఉన్నంతసేపు ఎంత మాట్లాడినా ఆవిడ గొంతు పట్టుబడదు. గోల ఆపాలి.

నవంబరు 11, సోమవారం

దర్జీ దగ్గరికి వెళ్ళి మర్యాదగా అడిగాను, ఆదివారం సాయంత్రం ఓ గంట మిషను ఆపమని. ఆయన నోట్లోని గుండుసూదులు తీసి చేతిలో పెట్టుకుని, అంతకన్నా మర్యాదగా చెప్పాడు.

"తప్పకుండా సార్. మీరూ ఆ గంట ఆపితే మరీ మంచిది. మీ గొంతు కిందికి దిగుతుంటే నాకు కొలతలు తప్పుతున్నాయి. మొన్నామధ్య ఓ ఆదివారం మీరు ఏదో టైరులో గాలి ఎంతుండాలో చెబుతున్నారు, నేను అదే అంకె ఒకాయన నడుముకి రాసేసుకున్నాను. పాపం ఆ ప్యాంటు ఆయనకి మోకాలు దాటి పైకి రాలేదు."

ఈ లోకంలో మర్యాదకి రోజులు లేవు.

నవంబరు 13, బుధవారం

యుద్ధం ప్రకటించాను. గడియారంలో సెల్లు తీసేశాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను. కిటికీలకి దుప్పట్లు కట్టాను. చివరికి కంప్యూటరూ, ఫోనూ, నేనూ కలిసి మందపాటి రజాయిలో దూరి, టెస్టు కోసమని ఆవిడకి కాల్ చేశాను.

"అయ్యో, ఏమైందండీ? జ్వరమా? ఆ చెమటలేంటి?"

"జ్వరం కాదు, రికార్డింగ్."

"ఎవరు రికార్డు చేస్తున్నారు, మంచంకిందనుంచా?"

నేను విషయం చెప్పడం మొదలుపెట్టాను. రజాయిలో గాలాడక మధ్యలో ఆపాల్సి వచ్చింది. ఆ ఒక్క క్షణంలో ఆవిడ, "ఏమండీ, మనం 29వ తారీఖు సంగతి..." అంది. ఇంతలో నాకు ఊపిరి అందింది. ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఎలా పనిచేస్తుందో, అది ఎందుకు మోగుతుందో చెప్పి ముగించాను.

పాలు విరిగిపోయాయి. ప్లగ్గు మళ్ళీ పెట్టడం మరిచిపోయాను.

నవంబరు 15, శుక్రవారం

దొరికింది! నా పక్క సీట్లోనే కూర్చుని ఉంది ఉపాయం, నేను ఊరంతా వెతుకుతున్నాను.

కంప్యూటర్ షాపావిడ నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటోంది. మనిషి తెలివైందే గాని, స్టీరింగ్ పట్టుకుంటే ఎడమ ఏదో కుడి ఏదో ఒకసారి ఆలోచించుకుంటుంది. ఇవాళ రౌండు దగ్గర నేను నా రికార్డింగ్ కష్టాలు చెబుతుంటే ఆవిడ ఆ రౌండు చుట్టూ మూడుసార్లు తిప్పింది. బయటికి దారి చెప్పడం నేను మరిచిపోయాను లెండి.

"మాస్టారూ, ఫోను ఎందుకు అడ్డం పెడతారు? కంప్యూటర్ లోపల పుట్టే శబ్దాన్ని లోపలే పట్టుకోవచ్చు. అది గాల్లోకి రానే అక్కర్లేదు. ఇక కుట్టుమిషను మోగితే ఏం, పిడుగు పడితే ఏం?"

బండి పక్కకి ఆపించి, వెనక సీట్లోని నా కంప్యూటర్ ఆవిడ ఒళ్ళో పెట్టాను. సౌండ్ సెట్టింగ్స్‌లో ఎక్కడో దాగున్న 'స్టీరియో మిక్స్' అనే దాన్ని బయటికి లాగింది. రికార్డింగ్ ప్రోగ్రాం అందులోంచే వినేట్టు చేసింది. స్పీకర్‌లోంచి ఏం రావాలో అదే నేరుగా ఫైల్లోకి పోతుందట.

"మీ గొంతు కూడా కావాలంటే మైకుని విడిగా కలపాలి. కలపనా?" అని అడిగింది.

"నా గొంతు నాకు తెలుసు కదమ్మా. ఆవిడది ఒక్కటే కావాలి. ఫైలంతా ఆవిడ గొంతుతో నిండి ఉందనుకో, నేను నోరెత్తలేదనేగా అర్థం?"

ఆవిడ నావైపు ఒకసారి చూసి బండి స్టార్ట్ చేసింది. హ్యాండ్‌బ్రేకు తియ్యలేదు. చెప్పాను.

నవంబరు 17, ఆదివారం

ఫస్ట్ క్లాస్! కాల్ అయ్యాక విన్నాను. మిషను లేదు, ఫ్రిజ్ లేదు, వీధి లేదు. ఆవిడ గొంతు ఒక్కటే, పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా. కళ్ళు చెమర్చాయి కూడా. అసలు ఆ గొంతు ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ గమనించలేదు.

కాకపోతే చిన్న లోపముంది. మధ్యమధ్యలో ఏమీ వినబడటం లేదు. "ఆఁ" అంటుంది. తరవాత చాలాసేపు ఖాళీ. "అది కాదండీ..." అంటుంది. మళ్ళీ ఖాళీ. "నేనేమంటానంటే..." ఖాళీ. "సరే." ఖాళీ, ఖాళీ, ఖాళీ. చాలాసేపటికి, "సరే, అన్నం తిన్నారా?" అంటుంది.

రికార్డింగ్ ఆవిడ మాటల్ని మింగేస్తోంది. ఇది పంపితే నా పరువు పోతుంది. పంపలేదు.

నవంబరు 18, సోమవారం

షాపావిడకి వినిపించాను. స్టీరింగ్ మీద చేతులు పెట్టి బుద్ధిగా వింది.

"మాస్టారూ, ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు. ఎక్కడా తెగలేదు. ఆ ఖాళీల్లో ఏం జరిగి ఉంటుందంటారు?"

"ఏముంది, నేనేదో ఒకటీ అరా మాట అని ఉంటాను."

"ఒకటీ అరా" అంది ఆవిడ. సిగ్నల్ దగ్గర అద్దంలో చూసుకుని నవ్వుకుంటోంది. ఎర్రలైటు చూసి ఆగమని చెప్పాను, ఆగింది. ఎర్రలైటంటే ఆగాలని ప్రతి ఒక్కరికీ నూరిపోసేవాణ్ణి నేను.

నవంబరు 20, బుధవారం

కారణం నేనే కనిపెట్టాను. తనకి కార్లు తెలియనట్టే నాకు కంప్యూటర్లు తెలియవని అనుకుంటోంది షాపావిడ. తర్కం ఎక్కడైనా తర్కమే.

నా గొంతు పెద్దది. మైకులోంచి అది లోపలికి వెళ్ళి, అదే దారిలో వస్తున్న ఆవిడ చిన్న గొంతుని తోసేస్తోంది. ఇరుకు సందులో లారీకి ఎదురుగా స్కూటర్ వచ్చినట్టు. లారీని ఆపితే స్కూటర్ వస్తుంది. అంటే మైకు ఆపెయ్యాలి.

వెతికితే కీబోర్డు మీదే ఉంది, మైకు బొమ్మ వేసిన మీట. నొక్కగానే దానిమీద బుల్లి ఎర్రలైటు వెలిగింది. రికార్డింగ్‌కి ఎప్పుడూ ఎర్రలైటే కదా. అన్నీ కుదిరాయి.

నవంబరు 24, ఆదివారం

ఇంత చక్కటి కాల్ మా మధ్య ఈ ఏడాదంతా జరగలేదు. పూసగుచ్చినట్టు రాస్తాను.

రికార్డింగ్ మొదలుపెట్టాను. మైకు మీట నొక్కాను. ఎర్రలైటు వచ్చింది. ఆవిడ తెరమీదికి రాగానే ఏదో అనబోయింది, "ఆగు, ముందు నేను చెప్పేది పూర్తిగా విను" అని అందుకున్నాను. శుక్రవారం గడువు కదా, ఇక నాన్చడానికి లేదు. మొదట్లో ఆవిడ నోటివైపూ చెవివైపూ చేత్తో ఏవో సైగలు చేసింది. మాట బాగా వినబడుతోందని మెచ్చుకుంటోంది కాబోలు. తల ఊపి కొనసాగించాను. తరవాత ఒక్కసారి ఫక్కున నవ్వింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి! ఆ తరవాత వెళ్ళి టీ గ్లాసు తెచ్చుకుని, కాళ్ళు మడుచుకుని కుర్చీలో స్థిరంగా కూర్చుంది.

నేను అన్నీ చెప్పాను. ఆ ఉద్యోగానికి రానని రాసెయ్యమన్నాను. వచ్చే ముందు ఇంటికి రంగులు వేయించే ఏర్పాటు, మంచం కిటికీవైపు జరపడం, ఇక్కడి ల్యాబులో పాత సీటు మళ్ళీ ఎవరిని అడగాలో, టిక్కెట్టు ఏ రైలుకి తీసుకోవాలో, ఏ పెట్టెలో కూర్చుంటే కుదుపులుండవో, అన్నీ. ఆవిడ కూడా మధ్యమధ్య ఏవో అంటూనే ఉంది, సహజంగా నా మాటలకి సమాధానాలే అయ్యుంటాయి. నేను రికార్డింగ్ ప్రోగ్రాంలో ఆకుపచ్చ గీతలు ఎగురుతున్నాయా లేదా చూసుకుంటూ ఉన్నాను. బ్రహ్మాండంగా ఎగిరాయి. ఒకసారి పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. జలుబు చేసినట్టుంది, అక్కడ చలి కదా.

ఆఖర్న "మరి అంతా సరేనా?" అని అడిగాను. సరిగ్గా అప్పుడే ఆవిడ తల ఊపి "సరే" అంది. చెయ్యి ఊపింది. కాల్ అయింది.

తేలిపోయింది. వచ్చేస్తోంది. ఓపిగ్గా చెబితే ఎవరైనా వింటారు.

నవంబరు 25, సోమవారం

ఫైలు బావమరిదికి పంపేశాను. "విని సిగ్గు తెచ్చుకో" అని కింద రాశాను. ఆవిడకీ ఒకటి పంపాను, అడిగింది కదా. క్లాసులో షాపావిడకీ గొప్పగా చెప్పాను. రంగులవాడితో మాట్లాడాను.

నవంబరు 26, మంగళవారం

బావమరిది ఫోన్. గొంతు అదోలా ఉంది. ఓడిపోయినవాళ్ళ గొంతు అలాగే ఉంటుంది.

"బావా, నువ్వు విన్నావా అది?"

"వినేదేముందిరా, నేనే ఉన్నానుగా అక్కడ!"

"కాదు బావా. విను."

"నువ్వు తీర్పు చెప్పు ముందు."

"తీర్పూ లేదు గీర్పూ లేదు. మొదట్లో కాస్త విని ఆపేశాను. అది నాకు చెప్పిన మాట కాదు. నీకు చెప్పింది. నీ కాళ్ళు పట్టుకుంటా, శుక్రవారం లోపు విను."

ఓటమి ఒప్పుకోలేక నీళ్ళు నములుతున్నాడు. నాకు క్లాసుంది, పెట్టేశాను.

నవంబరు 27, బుధవారం

రంగులవాడు రాలేదు. కాకపోతే రంగు ఎంచి, గోడమీద ఓ చదరం నేనే పూసి చూశాను, లేత నీలం. ఆవిడకి ఏది ఇష్టమో అడుగుదామనుకున్నాను. ఎందుకులే, నీలమే బాగుంటుంది.

నవంబరు 28, గురువారం

మధ్యాహ్నం గడ్డం గీసుకుంటూ, వినోదంగా ఉంటుందని ఆ ఫైలు పెట్టాను. సగం గడ్డంతోనే ఇది రాస్తున్నాను. ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ దింపుతున్నాను, మళ్ళీ నా బుర్ర వాటిని వేరేగా మార్చెయ్యకుండా.

"హలో... ఏమండీ, మీ మాట రావడం లేదు. మైకు ఆగిపోయినట్టుంది. మైకు... ఇటు చూడండి... అయ్యో, మైకండీ! చెవికి వినబడటం లేదు!"

తరవాత ఆ నవ్వు.

"నోరు మాత్రం ఆగటం లేదు కదా! ఎంత బాగా చేతులు ఊపుతున్నారో. సరే, పోనివ్వండి. మైకు సంగతి ఇక నేను చెప్పను. మీరు చెప్పుకోండి, నేనూ చెప్పుకుంటాను. ఉండండి, టీ తెచ్చుకుంటా."

టీ గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు.

"ఏమండీ. నాకిక్కడ బాగుంది. ఈ మాట మీకెలా చెప్పాలా అని ఎప్పటినుంచో చూస్తున్నాను. నోరు తెరిచినప్పుడల్లా మీరు గేర్‌బాక్సు గురించి చెప్పారు. ఊళ్ళ నుంచి సీసాల్లో నీళ్ళు వస్తాయి. తాగొచ్చో కూడదో నేను రాయాలి. మొన్న ఒక బడి బావి నీళ్ళు పనికిరావని రాశాను. మర్నాడే ఆ బావి మూయించారు. నేను చెప్పానని మూయించారండీ! మనింట్లో నా మాట విని ఎవరూ కుళాయి కూడా కట్టెయ్యలేదు."

వినడానికే కాదు, రాసుకోవడానికి కూడా కష్టంగా ఉంది. అయినా రాస్తాను.

"మీరు లేకపోవడం బాగుందని కాదు. మీరు లేకపోతే బాగాలేదు. పొద్దున కళ్ళు తెరవగానే మీ గొంతు కోసం చూస్తాను, తీరా వినబడితే విసుక్కుంటాను. రెండూ నిజమే, ఏం చెయ్యను? ఇక్కడొక ఇల్లు చూశాను. చిన్నది. వంటగదిలో ఒకళ్ళు తిరిగితే ఇంకొకళ్ళు గోడకి అతుక్కోవాలి. మీరొస్తారా? ఇక్కడా కార్లున్నాయి. నడపడం రానివాళ్ళు బోలెడుమంది ఉన్నారు, మొన్న ఒకాయన మా ఆఫీసు గేటునే గుద్దాడు. మీకు చేతినిండా పని."

ఇక్కడ ముక్కు తుడుచుకున్న చప్పుడు. జలుబట! జలుబు నా మొహం!

"ఇప్పుడు మీకు వినబడుతుంటే నేనిది అడిగేదాన్నే కాదు. నా ప్రశ్న పూర్తయ్యేలోపే మీ జవాబు వచ్చేస్తుంది. ఎలాగూ రికార్డు చేస్తున్నారుగా, అందులో వినండి. తీరిగ్గా వినండి. విని ఫోన్ చెయ్యండి, శుక్రవారం లోపు. చెయ్యకపోతే, రికార్డు చేశారు గాని వినలేదని అనుకుంటాను. అంతే, ఇంకేం అనుకోను. ఆ... మీ చొక్కా రెండో బొత్తాం ఊడింది, చూసుకోండి. ఇంకా చెబుతూనే ఉన్నారా? చెప్పండి, చెప్పండి. ఉంటాను మరి. సరే."

సరే. ఆ 'సరే'ని పట్టుకుని నేను రంగులు ఎంచాను.

మొదట నాకు కోపమొచ్చింది, ఇది రాయకపోతే అబద్ధమవుతుంది. మైకు ఆగిపోయిందని గట్టిగా చెప్పొచ్చుగా అనుకున్నాను. చెప్పింది. ఫైల్లో ఉంది. మూడుసార్లు చెప్పింది. నేను ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే, ఆవిడ ఎదురుగానే ఉన్నాను. ఆవిడ ఇంత మాట్లాడింది, నా చెవిని తాకి పోయింది, అంతే. ఆ రోజు నేను ఏం చెప్పానో గుర్తు తెచ్చుకుందామని చూశాను. రైలుపెట్టె. కుదుపులు.

సోమవారం నుంచి ఆవిడ ఎదురుచూస్తోంది. రేపు శుక్రవారం.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ల్యాబులో ఉన్నప్పుడు ఫోను బయట లాకర్లో పెడతారని ఎప్పుడో చెప్పింది. లేక వేరే ఎవరి గురించైనా చెప్పిందా? నాకు తెలియదు. ఏడాదిగా ఆవిడ ఫోను పగలంతా ఎక్కడుంటుందో నాకు తెలియదు.

షాపావిడ క్లాసుకి సొంత కారులోనే వచ్చి కింద హారన్ కొట్టింది. ఇవాళ రాలేనని కిటికీలోంచి చెప్పాను. సగం గడ్డం చూసి, "ఆ ఫైలు విన్నారా మాస్టారూ?" అంది. తల ఊపాను. ఆవిడ బండి రివర్స్ చేసుకుని, ఎవరి సాయమూ లేకుండా, తిన్నగా వెళ్ళిపోయింది.

నవంబరు 29, శుక్రవారం

పొద్దున్నే, ఆవిడ ల్యాబుకి బయల్దేరకముందే ఫోన్ చేశాను. ఎత్తింది.

"విన్నాను" అన్నాను.

"మొత్తమా?"

"మొత్తం."

ఆ తరవాత చెప్పాల్సినవి వరసగా కట్టుకుని వచ్చాను. వివరణ, క్షమాపణ, మైకు మీట ఎక్కడుందో, అసలు పొరపాటు ఎలా జరిగిందో. నాలిక చివరిదాకా వచ్చిన వాటన్నిటినీ పళ్ళతో పట్టుకుని ఆపాను. అటువైపు బస్సు హారన్లు, ఎవరివో మాటలు. ఆవిడ వీధిలో నడుస్తోంది.

"ఒక సంగతి చెప్పాలండీ" అంది. "సంతకం సోమవారమే పెట్టేశాను."

"శుక్రవారం వరకు అన్నావుగా!"

"అది మీకిచ్చిన గడువు. నాకు కాదు. మీరు వినరని కోపంతో పెట్టింది కాదు. ఆ ఉద్యోగం నాకు కావాలి, అందుకని పెట్టాను. మీరు వస్తానన్నా పెట్టేదాన్ని, రానన్నా పెట్టేదాన్ని."

నేను ఫోన్ చేస్తే చాలు అంతా సర్దుకుంటుందని రాత్రంతా అనుకున్నాను. నన్ను అడక్కుండానే సర్దుకుపోయింది. బాధేసింది, చాలా బాధేసింది. దాని కిందే, ఎందుకో, గర్వంగా కూడా అనిపించింది. మా ఆవిడ సెక్షన్ పెద్ద. ఆవిడ వద్దంటే బావులు మూసేస్తారు.

"ఏమండీ, ఉన్నారా?"

"ఉన్నాను. వింటున్నాను."

"ఇప్పుడు మీరు మాట్లాడండి. నేను అడ్డురాను."

జీవితంలో మొదటిసారి, మాట్లాడమని ఒకరు అడిగితే నాకు మాట దొరకలేదు. గది చూశాను. గోడమీద లేత నీలం రంగు నమూనా ఒక చదరం. దాన్ని చూస్తూ అన్నాను.

"నువ్వు లేకపోతే నాకేమీ బాగాలేదు. నేనే వస్తాను."

అటువైపు నడక ఆగిపోయినట్టుంది. ఫోన్ కట్టయిందేమో అనుకుంటుండగా ఆవిడ గొంతు వినబడింది, చిన్నగా.

"ఇది రికార్డు చేశారా?"

"లేదే. ఫోన్లో కదా మాట్లాడుతున్నాం."

"అయితే ఇంకోసారి అనండి. ఈసారి నేను చేసుకుంటాను."

మళ్ళీ మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు, ఆవిడే అడ్డొచ్చింది.